మూడు వందల గజాల అవతల

రత్నం కాపరానికొచ్చిన ఊళ్ళో మనుషులకన్నా గాలి ఎక్కువ. ఆమె భర్త భీమశంకర్ యురేనియం గనుల్లో జియాలజిస్టు. 1978 వేసవిలో కంపెనీ అతన్ని వయోమింగ్ రాష్ట్రంలో రివర్టన్ అనే ఊరికి పంపింది. సోమవారం పొద్దున్నే జీపెక్కి గని దగ్గర క్యాంపుకి వెళ్ళిపోతే, తిరిగి రావడం శుక్రవారం సాయంత్రమే. మిగతా రోజులన్నీ ఆ ఇంట్లో రత్నం, రేడియో, గాలి. కిటికీ కాస్త సందిస్తే చాలు, ఎవరో బయట నిలబడి ఈల వేస్తున్నట్టుండేది.

ఇల్లు ఊరి బయట, డొరతీ హాన్సన్ అనే పెద్దావిడ భూమిలో అద్దెకు తీసుకున్నది. భూమంటే వరిచేలు కాదు. కనుచూపు మేర మోకాలెత్తు బూడిదరంగు తుప్పలు. సేజ్ అంటారు వాటిని. వాటి మధ్య పశువులు నడిచిన బాటలు. డొరతీ చాలా ఏళ్ళు బడి బస్సు నడిపి మానేసింది. భర్త పోయాడు, పిల్లల్లేరు. మగవాళ్ళ చొక్కా తొడుక్కుని, నెరిసిన జుట్టు ఒంటి జడ అల్లుకుని, తన ఇంట్లో తను ఉండేది. ఆవిడ నోట రత్నం పేరు 'రాట్నం' అయింది. దిద్దడానికి రత్నానికి మొహమాటం.

ఒకరోజు పొద్దున రత్నం తీగ మీద బట్టలు ఆరేస్తుంటే పెద్ద చప్పుడైంది. గ్యాస్ పేలిందేమోనని ఇంట్లోకి పరిగెత్తింది. పొయ్యి బాగానే ఉంది. మళ్ళీ బయటికొచ్చి చూస్తే, డొరతీ ఇంటి వెనక నేల మీద బోర్లా పడి ఉంది ఆవిడ. రత్నానికి పైప్రాణాలు పైనే పోయాయి. చేతిలో తడి లుంగీ అలాగే పట్టుకుని పరిగెత్తింది.

"మిసెస్ హాన్సన్! ఏమైందండీ?"

"ఏమీ కాలేదు. చెవులు మూసుకో," అంది డొరతీ తల తిప్పకుండా.

అప్పుడు చూసింది రత్నం. ఆవిడ కింద పాత దుప్పటి, భుజానికి రైఫిలు. దాని మీద నల్లటి దుర్భిణి. రత్నం లుంగీతో సహా రెండు చెవులూ మూసుకుంది. మళ్ళీ పేలింది. ఎండిపోయిన వాగుకి అవతల, గట్టు మీద వేలాడుతున్న తెల్లటి ఇనప పలక ఊగడం కనిపించింది. ఊగిన తర్వాత, ఒక్క క్షణం ఆలస్యంగా, గుడిగంట వెనకటి మోతలాంటి చప్పుడొచ్చి చేరింది.

"ఇక్కణ్ణుంచి అక్కడికా?" అంది రత్నం.

"మూడు వందల గజాలు. పెద్ద దూరమేం కాదు." డొరతీ పిడి ఎత్తి, వెనక్కి లాగింది. ఖాళీ ఇత్తడి గొట్టం ఎగిరి గడ్డిలో పడింది. ముందుకి తోసి కిందికి దించింది. ఆ పిడిని బోల్ట్ అంటారని తర్వాత తెలిసింది. నూనె పూసిన ఇనుము ఇనుముతో రాసుకున్న ఆ మెత్తటి చప్పుడు, పలక మోతకన్నా కూడా, రత్నం చెవుల్లో ఉండిపోయింది.

మర్నాడు మళ్ళీ వెళ్ళింది. ఆ మర్నాడూ వెళ్ళింది. నాలుగోసారి డొరతీ అడక్కుండానే దుప్పటి మీద పక్కకి జరిగింది.

అదేం పెద్ద తూటా కాదు. గుండు సన్నం, చిటికెనవేలి కొనంత కూడా ఉండదు. కానీ వెనక దానికి మించిన మందు దట్టించి ఉంటుంది. సెకనుకి మూడు వేల అడుగుల పైన పోతుందనీ, అందుకే మూడు వందల గజాల దాకా దాని దారి పెద్దగా వంగదనీ డొరతీ చెప్పింది. "దాన్ని వంచేది గాలొక్కటే. ఇక్కడ గాలిని చదవడం వస్తే సగం వచ్చినట్టే. మిగతా సగం ఊపిరి. ట్రిగ్గర్ లాగకు, మెల్లిగా ఒత్తుతూ పో. ఎప్పుడు పేలిందో నీకే తెలియకూడదు."

రత్నం చిన్నప్పట్నుంచీ నిదానం మనిషి. పాలకొల్లులో పుట్టింట్లో అందరూ ఆ నిదానాన్నే ఆడిపోసుకునేవాళ్ళు. అత్తగారైతే, ఈ పిల్ల గారెలు వేసేసరికి తినేవాళ్ళకి ఆకలి చచ్చిపోతుందని చుట్టాల ముందే అనేది. ఇక్కడ, ఈ దుప్పటి మీద, ఆ నిదానమే పనికొచ్చింది. ఆమె గడ్డిపోచలు ఎటు వాలుతున్నాయో చూసేది. వాగు మీద వేరే గాలి, గట్టు మీద వేరే గాలి. ఊపిరి సగం వదిలి ఆగేది. ఒత్తేది. మొదటివారం మట్టి లేచింది. రెండోవారం పలక ఊగింది.

పలక ఊగడానికీ దాని మోత వినపడడానికీ మధ్య ఒక్క క్షణం ఉంటుంది కదా, ఆ క్షణంలో రత్నానికి ఎవరూ గుర్తుకొచ్చేవాళ్ళు కాదు. తను కూడా.

శుక్రవారం భీమశంకర్ వచ్చాడు. ఆమె జాకెట్టు మార్చుకుంటుంటే భుజం మీద కమిలిన మచ్చ కనిపించింది.

"ఏమిటది? పడ్డావా?"

"లేదండీ. తుపాకీ తన్నింది."

భీమశంకర్ మంచం మీద కూర్చుండిపోయాడు. "తుపాకీయా? ఎవరి తుపాకీ?"

"డొరతీ గారిది. నేను కాలుస్తుంటే."

"నువ్వు? కాలుస్తుంటే?" అతను తలుపువైపు చూశాడు, ఎవరైనా వింటున్నారేమోనన్నట్టు. "ఏమైనా అయితే మీ నాన్నకి ఏం చెప్పను రత్నం? క్యారమ్స్ ఆడుకో. అల్లికలు నేర్చుకో. ఇదేం పిచ్చి?"

"రేపు మీరూ రండి. చూసి తర్వాత తిట్టండి."

మర్నాడు వచ్చాడు. చెవుల్లో దూది పెట్టుకుని, పది అడుగులు వెనక నిలబడ్డాడు. రత్నం పడుకుంది. చీర మీద డొరతీ పాత కోటు. ఐదు తూటాలు. ఐదుసార్లు పలక ఊగింది. భీమశంకర్ చెవుల్లోంచి దూది తీశాడు. ఇంటికొచ్చాక ఉప్మా తింటూ, "గాలి కుడివైపు నుంచి కదా, నువ్వు కుడికి ఎందుకు పెట్టలేదు?" అని అడిగాడు. రాళ్ళ పొరల గురించి తప్ప ఎప్పుడూ ఏమీ అడగని మనిషి. రత్నం వాగు మీది గాలి గురించి చెప్తూనే ఉంది. ఉప్మా చల్లారిపోయింది.

ఆ దీపావళికి పక్క మీద దుప్పటి కింద పొడుగ్గా ఏదో ఉంటే తీసి చూసింది. రైఫిలు. వాల్‌నట్ కర్ర, నల్లటి సన్నటి గొట్టం, డొరతీ వాడే తూటాయే. భీమశంకర్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"చీర కొందామనుకున్నాను. ఈ ఊళ్ళో దొరకదుగా," అన్నాడు.

*

మూడేళ్ళు అలా గడిచాయి. రత్నం నాలుగు వందల గజాల దాకా వెళ్ళింది. కానీ పలకనే తప్ప ప్రాణమున్నదాన్ని ఎప్పుడూ కాల్చలేదు. ప్రతి అక్టోబరులోనూ డొరతీ ఒక జింకని కొట్టి ఏడాదికి సరిపడా మాంసం చేసుకునేది. ఆ జింకల్ని ప్రాంగ్‌హార్న్ అంటారు. తెల్లటి పొట్ట, గోధుమరంగు వీపు. మైలు దూరం నుంచే మనిషిని చూసి పారిపోతాయి. వాటి కోసమే ఇంత వేగమైన తూటా.

1981లో డొరతీ ఆమెని కూడా వేట లైసెన్సు తీసుకోమంది. "నువ్వు కాల్చక్కర్లేదు. పక్కనుండు చాలు," అంది. ఎందుకో రత్నానికి అప్పుడు అర్థం కాలేదు. గుట్ట ఎక్కేటప్పుడు ఆవిడ చేతులు చూశాక అర్థమైంది. కుడిచేయి దానంతటదే వణుకుతోంది. ఆవిడ దాన్ని జేబులో దోపుకుని నడుస్తోంది.

గుట్ట మీద పడుకున్నారు. కింద పల్లంలో మంద మేస్తోంది. డొరతీ చాలాసేపు గురి చూసింది. కాల్చింది. ఒక మగజింక వెనక కాళ్ళు కూలి, మళ్ళీ లేచి, కుంటుతూ అవతలి వాలు ఎక్కి ఆగింది. ఆవిడ మళ్ళీ బోల్ట్ లాగబోయింది. చెయ్యి పిడి మీద నిలవలేదు. రెండుసార్లు జారింది.

"రాట్నం," అంది, చాలా మామూలుగా. "నువ్వే చెయ్యాలి. దాన్ని అలా వదిలేయకూడదు."

రత్నం ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే చేయలేకపోయేది. గడ్డి చూసింది. ఊపిరి సగం వదిలింది. దుర్భిణి అద్దంలో ఆ జింక ఇటే చూస్తున్నట్టుంది. ఒత్తింది. అది నిలబడ్డచోటే కూలిపోయింది.

నడుచుకుంటూ వెళ్ళేసరికి ఇంకా వెచ్చగా ఉంది. ఆడపిల్లలకి ఉన్నట్టు పొడుగాటి కనురెప్పల వెంట్రుకలు. రత్నం దాని పక్కన కూలబడి ఏడ్చింది. డొరతీ ఓదార్చలేదు. కాసేపు పక్కన నిలబడి, జేబులోంచి కత్తి తీసి ఆమె చేతికిచ్చింది.

"నేను చెప్తుంటాను, నువ్వు కొయ్యి. కత్తి పట్టడానికి ఇంక నా చేతిని నమ్మలేను. ఇదే నా ఆఖరి సీజను."

*

ఏడాది తిరక్కుండా యురేనియం ధర పడిపోయింది. గనులు ఒకటొకటిగా మూతబడ్డాయి. ఊరివాళ్ళు చక్రాల మీద లాక్కెళ్ళే ట్రెయిలర్ ఇళ్ళని లారీలకి కట్టుకుని వెళ్ళిపోయారు. భీమశంకర్‌కి న్యూజెర్సీలో, ఎడిసన్ దగ్గర, భూగర్భ నీటి పరీక్షల కంపెనీలో పని దొరికింది. అపార్ట్‌మెంటు. ఆ రాష్ట్రంలో తుపాకీ చట్టాలు వేరు. పైగా రత్నానికి మూడో నెల.

"మళ్ళీ వస్తాం కదా. డొరతీ గారి దగ్గరుంచు," అన్నాడతను. రత్నం రైఫిలు తుడిచి, నూనె రాసి, డొరతీ బీరువాలో నిలబెట్టి వచ్చింది. డొరతీ గేటు దాకా వచ్చింది. కౌగలించుకునే అలవాటు ఆవిడకి లేదు. కారు కిటికీలోంచి చెయ్యి లోపలికి పెట్టి, రత్నం భుజాన్ని, ఒకప్పుడు కమిలిన చోటే, గట్టిగా ఒకసారి నొక్కి వదిలింది.

ఎడిసన్‌లో అన్నీ ఉన్నాయి. కందిపప్పు ఉంది, కరివేపాకు ఉంది, శనివారం శనివారం ఎవరో ఒకరింట్లో తెలుగువాళ్ళ భోజనాలున్నాయి. లేనిదొక్కటే, దూరం. ఎటు చూసినా చూపు వంద గజాలు పోకుండా ఏదో గోడకి తగిలేది. పాప విద్యని తోపుడుబండిలో తిప్పుతూ రత్నం రైలు స్టేషను వంతెనెక్కి నిలబడేది. పట్టాలు మాత్రమే ఆ ఊళ్ళో కాస్త దూరం పోయేవి. నీళ్ళ ట్యాంకు రెండొందల ఎనభై గజాలుంటుంది, గాలి ఎడమ నుంచి, అనుకునేది. తర్వాత తనలో తనే సిగ్గుపడేది.

ఒక భోజనాలప్పుడు పక్కింటి జయంతికి చెప్పింది.

"రైఫిలా? నువ్వా? జోక్ చెయ్యకు రత్నం!" జయంతి నవ్వుతూ అందరికీ వినిపించింది. "విన్నారా, మన రత్నం వయోమింగ్‌లో కౌబాయ్‌ట! భీమశంకర్ గారూ, జాగ్రత్తగా ఉండండి మరి!"

అందరూ నవ్వారు. రత్నం కూడా నవ్వింది. మళ్ళీ ఎవరికీ చెప్పలేదు.

ఆదివారాలు డొరతీకి ఫోన్ చేసేది. ఇద్దరికీ ఫోన్‌లో మాటలు రావు. "మంచు పడిందా?" "పడింది." "జింకలొచ్చాయా?" "కంచె దాకా వచ్చాయి." ఒకసారి రత్నం ఏమీ తోచక, "గాలి ఎలా ఉందండీ?" అంది. అటువైపు కుర్చీ జరిగిన చప్పుడు, కిటికీ ఎత్తిన చప్పుడు. తర్వాత రిసీవర్ నిండా గాలి. ఆవిడ ఫోను కిటికీ బయట పట్టుకుని నిలబడింది. రత్నం వంటింటి నేల మీద కూర్చుని, ఫోను తీగ వేలికి చుట్టుకుని, వింటూ ఉండిపోయింది. విద్య వచ్చి చెంగు లాగినా కదల్లేదు.

1986 వేసవిలో ఎన్నిసార్లు చేసినా డొరతీ ఫోన్ తీయలేదు. తర్వాత ఒక కొత్త గొంతు ఫోన్ చేసింది. డొరతీని రివర్టన్ పక్కనున్న లాండర్‌లో వృద్ధులు ఉండేచోట చేర్చారట. చేతుల వణుకు ఒళ్ళంతా పాకిందట. "ఆవిడ మీ నంబరు ఇచ్చి చెప్పమంది. నా పేరు కార్లా, ఇక్కడ ఆవిడ పనులు చూస్తుంటాను," అంది.

రత్నం ఫోన్ పెట్టేసి వంటింట్లో నిలబడింది. భీమశంకర్ ఆమె మొహం చూశాడు.

"వెళ్ళు," అన్నాడు. "విద్యని నేను చూసుకుంటాను. నాకు పప్పు వండడం వచ్చు."

*

అక్టోబరు. డెన్వర్‌లో విమానం దిగి, బస్సెక్కి, లాండర్ చేరింది. డొరతీ కిటికీ పక్క కుర్చీలో ఉంది. జడ ఎవరో చక్కగా అల్లి పెట్టారు. తల కూడా వణుకుతోంది. కళ్ళు మాత్రం ఎప్పట్లాగే ఉన్నాయి.

"రైఫిలు కోసం వచ్చావా?"

"మీ కోసం వచ్చానండి."

"రైఫిలు కార్లాకి ఇచ్చాను," అంది డొరతీ. "వాడకపోతే పాడైపోతుంది. నేర్పుతున్నాను కూడా. బాగా కాలుస్తుంది."

కార్లా ముప్ఫై ఏళ్ళ దిట్టమైన మనిషి. అప్పుడే డొరతీ మోకాళ్ళ మీద దుప్పటి సర్దుతోంది. రత్నానికి లోపల ఎక్కడో గిల్లినట్టయింది. ఇంత దూరం వచ్చి, ఈ వయసులో, పరాయి మనిషి మీద చిన్నపిల్లలా అసూయ. రైఫిలు కోసం కాదు. అప్పట్లో ఇంటి వెనక పాత దుప్పటి మీద పక్కకి జరిగి డొరతీ చోటిచ్చింది తనొక్కదానికే అనుకుంది ఇన్నాళ్ళూ.

మర్నాడు మధ్యాహ్నం కార్లా తన పికప్ బండిలో ఇద్దర్నీ ఎక్కించుకుని డొరతీ భూమికి తీసుకెళ్ళింది. రత్నం వాళ్ళున్న ఇంటి కిటికీలకి చెక్కలు కొట్టేసి ఉన్నాయి. డొరతీని బండి సీట్లోనే కూర్చోబెట్టి, కిటికీ అద్దం దించారు. ముందు కార్లా పడుకుంది. కాల్చింది.

"కుడి అంచు," అంది డొరతీ, బండిలోంచి. ఆవిడ చూడటం లేదు. కళ్ళు మూసుకుని వింటోంది.

నిజమే, పలక కుడి అంచునే తగిలింది. కార్లా లేచి, రైఫిలు బోల్ట్ తెరిచి, రెండు చేతులా రత్నానికి అందించింది. "ఇది మీదని ఆవిడ మొదట్నుంచీ చెప్తూనే ఉన్నారు. తుప్పు పట్టకుండా చూడమంటే చూశాను, అంతే."

రత్నం పడుకుంది. సేజ్ వాసన. మోచేతుల కింద గులకరాళ్ళు. చెంప కర్రకి ఆనించింది. కాల్చింది. పలక వెనక మట్టి లేచింది.

"తొందరపడ్డావు," అంది డొరతీ.

"నాలుగేళ్ళు న్యూజెర్సీలో ఉన్నానండీ."

బండిలోంచి నవ్వు వినిపించింది, వణుకుతూ. రత్నం కళ్ళు తుడుచుకుంది. ఈసారి ఆగింది. వాగు మీద గాలి, గట్టు మీద గాలి. పలక ఊగింది, మోత వచ్చింది. బండిలో డొరతీ, "నడిమధ్య," అంది.

అనుకున్నంత సంతోషం రాలేదు. దేని కోసం ఇన్నాళ్ళు అల్లాడిందో అది చేతుల్లోనే ఉంది. భుజం మీద నొప్పి కూడా అదే. కానీ తన పక్కన నేల మీద చోటు ఖాళీగా ఉంది. ఆ ఖాళీలో ఆవిడ పడుకుని, మట్టి చేతులతో ఇంకో తూటా అందించాలి. అది ఇంక జరగదు. దిగులు పోతుందనుకుని వచ్చిన చోటే అది ఇంకాస్త పెరిగింది.

రైఫిలు కార్లా దగ్గరే వదిలి వచ్చింది. ఎడిసన్ తీసుకెళ్ళి, వాడకుండా అల్మారాలో దాచి ఉంచడం తను ఓర్చుకోలేదు. ప్రతి అక్టోబరులో ఒక వారం మాత్రం అది తనది. కార్లా ఒప్పుకుంది.

మార్చిలో డొరతీ పోయింది. కార్లా ఫోన్ చేసి, నిద్రలోనే, అంది. రత్నం ఆ రోజు తలంటుకుని, ఎవరికీ చెప్పకుండా, ఒక్కపూట భోజనం మానేసింది.

ఆ అక్టోబరులో మళ్ళీ వెళ్ళింది. కార్లాతో కలిసి రెండు రోజులు గుట్టలన్నీ నడిచింది. చీర కాదు, ప్యాంటూ బూట్లూ. మూడోరోజు పొద్దున ఒక జింకని ఒక్క తూటాతో పడగొట్టింది. అది చప్పుడు కూడా వినలేదు. ఈసారి ఏడుపు రాలేదు. మోకాళ్ళ మీద కూర్చుని, దాని మెడ మీద చెయ్యి వేసి కాసేపు ఉంది. తర్వాత కత్తి తీసుకుంది.

మాంసం గడ్డకట్టించి ఐస్‌పెట్టెలో విమానంలో తెచ్చింది. ఆదివారం మధ్యాహ్నం జయంతి వాళ్ళని భోజనానికి పిలిచి, అల్లం, ధనియాలు దట్టంగా నూరి వేపుడు చేసింది.

"ఏ షాపులో తెచ్చావు రత్నం? ఇంత లేత మటన్ ఇక్కడ నేనెప్పుడూ తినలేదు," అంది జయంతి.

"షాపులోది కాదు. జింక. నేనే కొట్టాను."

జయంతి నవ్వబోయి ఆగింది. భీమశంకర్ మజ్జిగ గ్లాసు కింద పెట్టి, "మూడు వందల పది గజాల నుంచి," అన్నాడు. "ఎదురుగాలిలో." ఆ గొంతులో గర్వం విని రత్నం తలొంచుకుంది. ఐదేళ్ళ తర్వాత మొదటిసారి అన్నీ చెప్పింది. లుంగీతో పరిగెత్తడం, దుప్పటి, వణికే చేయి, కిటికీలోంచి గాలి వినిపించడం. జయంతి కంచంలో చెయ్యి ఎండిపోయింది.

వాళ్ళు వెళ్ళాక భీమశంకర్ గిన్నెలు కడుగుతూ, ఇటు తిరక్కుండానే అడిగాడు.

"అటువైపు ఉద్యోగాలేవైనా చూడనా?"

"గనులు మూతబడ్డాయిగా."

"గనులే కానక్కర్లేదు. అక్కడా నీళ్ళున్నాయి, నీళ్ళకి పరీక్షలున్నాయి."

రత్నం అతను కడిగిన గిన్నె అందుకుని తుడిచింది. అక్కడ ఇప్పుడు డొరతీ లేదు, ఆ ఇంటి కిటికీలు మూసేసి ఉన్నాయి, విద్య వచ్చే ఏడు బడికెళ్ళాలి. అన్నీ తెలుసు.

"చూడండి," అంది.

అతను వయోమింగ్‌లోనే కాస్పర్‌కి రాశాడు, షయెన్‌కి రాశాడు, పక్క రాష్ట్రం మొంటానాలో రెండు ఊళ్ళకి రాశాడు. ఆ చలికాలం ఎక్కణ్ణుంచీ పిలుపు రాలేదు. రత్నం అడగలేదు. అడక్కపోయినా, ఆదివారం పేపరు రాగానే అతను ముందు ఉద్యోగ ప్రకటనల పేజీ తీసి, నేల మీద పరిచి, పడమటి ఊళ్ళ పేర్ల కోసం పైనుంచి కిందికి వేలు పెట్టి వెతుకుతూనే ఉన్నాడు.